ముడి లేని పోగు

సిరిసిల్ల,
జూన్.

తమ్ముడు మధుకర్‌కు,

నువ్వు చెప్పినట్టే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. ఇదేం పిచ్చి అని మీ బావ ఒకటే నవ్వు. "ఫోన్ చేస్తే ఒడిసిపోయె గదా! పరీక్ష రాసినట్టు గీ రాతలేంది?" అంటున్నాడు. మా తమ్ముడి రూంలో పది మంది ఉంటారు, అందరి ముందూ అక్కతో మాట్లాడాలంటే వాడికి సిగ్గు అని చెప్పాను. అంతే కదా? పోనీలే, నాకూ రాయడం బాగానే ఉంది. నువ్వు మాట్లాడినట్టే రాస్తావు. నేను ఆఫీసు రిపోర్టులు రాసీ రాసీ పుస్తకం భాషలోకి దిగిపోయాను. నవ్వకు.

అసలు సంగతి విను. నేను కరీంనగర్ ఉద్యోగం మానేసి సిరిసిల్ల వచ్చేశాను. ఇక్కడ సాంచలు, అదే మరమగ్గాలు, మూతబడిన ఒక షెడ్డును సతీశ్ అనే ఆయన తీసుకున్నాడు. వీర్నపల్లి మనిషి, చదువుకున్నది ఇంజనీరింగ్, మాట్లాడేది తక్కువ. ఆ షెడ్డులో ఇప్పుడు బట్ట నేయడం లేదు. హైడ్రోజన్ ట్యాంకులు చుడుతున్నాం. చుట్టే పనంతా నా అజమాయిషీ.

వెల్గటూర్ దగ్గర సోలార్ కరెంటుతో నీళ్ళను విడగొట్టి హైడ్రోజన్ తీసే చిన్న ప్లాంటు పెట్టారు. ఆ గ్యాసుతో బస్సు నడిస్తే పొగ రాదు, వెనక గొట్టంలోంచి నీటి ఆవిరి వస్తుంది, అంతే. తీయడం వచ్చింది గానీ దాన్ని దాచడం దగ్గరే అందరికీ తలనొప్పి. అంత తేలికైన గ్యాసు ఇంకోటి లేదు. గట్టిగా అదిమి నింపకపోతే బస్సు పక్క ఊరికి కూడా పోదు. ఇనుప ట్యాంకులో అదిమితే ఆ బరువుకే బస్సు మూలుగుతుంది. అందుకని ప్లాస్టిక్ బుడ్డి మీద నల్లటి కార్బన్ పోగును జిగురులో ముంచి, పొర మీద పొర చుట్టి, ఓవెన్‌లో పెట్టి గట్టిపరుస్తాం. బయటి దేశాల నుంచి తెప్పిస్తే మన బస్సుల వాళ్ళు కొనలేరు. సతీశ్ ఏం ఆలోచించాడంటే, బస్సు మీద చోటు బోలెడుంది కదా, మరీ ఎక్కువ అదిమి ఖరీదైన ట్యాంకు చేసే బదులు కొంచెం తక్కువ అదిమి నాలుగు ట్యాంకులు పెడదాం అన్నాడు. పైన ఉంటే ఇంకో లాభం, ఎక్కడైనా కారినా గ్యాసు పైకే పోతుంది, మనుషుల మధ్య ఆగదు.

పోగు చుట్టడం అంటే సిరిసిల్ల వాళ్ళకు ఒకరు చెప్పాలా? మా దగ్గర జలపతి అని ఉన్నాడు. సాంచలు బందయ్యాక బొంబాయి దగ్గర భివండి మగ్గాలకు పోయి, అక్కడే నెత్తి నెరిసి, ఈ షెడ్డు మాట విని వెనక్కి వచ్చాడు. ఆయన చెయ్యి కదిలితే కంటికి కనబడదు. ఆయన భార్య చంద్రవ్వ రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడి, మొగుడు నిజంగా పని చేస్తున్నాడా లేదా అని చూసిపోతుంది. ఇన్నేళ్ళ తర్వాత ఇంట్లో ఉన్నాడంటే ఆమెకు ఇంకా నమ్మకం లేదు.

ఇక్కడి నుంచి జగిత్యాల మీదుగా కోరుట్ల పోయే రెండు బస్సులకు ఎనిమిది ట్యాంకులు కావాలని ఆర్డర్ వచ్చింది. దీపావళి లోపల ఇవ్వాలి. ఇస్తాం. నాకు ఎంత నమ్మకమో నీకు తెలుసు కదా, ఉన్న ఉద్యోగం వదిలేసి వచ్చాను.

నీ సంగతి రాయి. అవ్వ ఎప్పుడూ నా కొడుకు, నా కొడుకు అంటూ నిన్నే తలుస్తుంది.

నీ అక్క,
కల్పన.

*

జుబైల్,
జూన్.

అక్కా,

నీ ఉత్తరం ఫైజల్‌కు సుత చూపిచ్చిన. గదే, నా పక్క మంచం మీద పండే జగిత్యాల ఫైజల్. "మా అక్క బస్సుల మీద పెట్టెతందుకు బాంబులు చుడుతున్నది" అన్న. "గట్లయితే మా జగిత్యాలోళ్ళకు ముందుగాల్నే ఖబర్ చెయ్యాలె" అన్నడు. ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వినం.

మజాక్ పక్కకు పెట్టు. నువ్వు మంచి పని జేసినవ్. కరీంనగర్ల ఆ కుర్చీల కూసుంటె నీకు తుప్పు పడుతుండె.

నేను గీడ సౌదీల సిలిండర్ల యార్డుల ఇన్నేండ్లు గీ పనే చేసిన కదా, ఒక్క మాట చెప్త, యాదికుంచుకో. ట్యాంకును ముందుగాల నీళ్ళతోనే పరీక్ష చెయ్యాలె. నీళ్ళు నింపి ఒత్తితె పగిలినా చప్పున ఆగిపోతది. గ్యాస్ నింపి ఒత్తితె, పగిలిన్నాడు మనిషిని మిగల్చది. మీ సతీశ్ సారుకు గిది ఎర్కనే ఉంటది, అయినా చెప్తున్న.

నన్ను ఇప్పుడు టెస్టింగ్ కాడికెల్లి స్టోర్ల ఏసిండ్రు. అల్కటి పని. ఏసీ సుత ఉన్నది. బట్టలు మాసిపోవు. నీ తమ్ముడు దొరబాబు అయిండు.

ఫోన్ మాత్రం చెయ్యకు. రూంల ఎప్పుడు చూసినా లొల్లే. కాయిదమైతె మల్ల మల్ల చదువుకోవచ్చు.

అవ్వకు చెప్పు, మంచిగ తింటున్న, మంచిగ పంటున్న.

మధు.

*

సిరిసిల్ల,
ఆగస్టు.

మధూ,

పగిలింది! సంతోషంతో చెప్తున్నాను, కంగారు పడకు. మేం చుట్టిన మొదటి ట్యాంకును కావాలనే పగలగొట్టాం. అది పరీక్ష కోసమే చేసింది. గుంతలో దించి, నీళ్ళు నింపి, ఒత్తిడి పెంచుకుంటూ పోయాం. బస్సులో ఉండే ఒత్తిడికి రెండింతలు దాటి ఇంకా పైకి పోవాలి, అది లెక్క. మా ట్యాంకు ఆ లెక్కను దాటింది. దాటి ఇంకా పోయింది. సతీశ్ మీటరు ముల్లు మీంచి కళ్ళు తీయలేదు. చివరికి పగిలినప్పుడు షెడ్డు రేకులన్నీ దడదడలాడాయి.

అవ్వ ఆ రోజే కోరుట్ల నుంచి నన్ను చూడటానికి వచ్చింది. చప్పుడు విని బయట కూర్చున్నదల్లా ఉలిక్కిపడి లేచి, "ఓ బిడ్డా! నువ్వు జేసే కొలువు గిదేనా? నీ అయ్య తాటిచెట్టు ఎక్కుతె భయపడ్డ, నువ్వు గంతకన్న ఎక్కువున్నవ్" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. చంద్రవ్వ బెల్లం తెచ్చి అందరి నోట్లోనూ పెట్టింది, అవ్వ నోట్లో కూడా. ఇద్దరూ ఇప్పుడు జోడీ అయిపోయారు.

షెడ్డు ఊపు మీద ఉంది. చంద్రవ్వ తమ్ముడు సారయ్య భివండిలో ఉన్నాడు. ఆర్డర్ నిలబడితే అతనూ, అతనితో పాటు ఇంకో రెండు కుటుంబాలూ వచ్చేస్తామంటున్నారు. అందుకే అంటున్నా, ఇది ఎనిమిది ట్యాంకుల సంగతి మాత్రమే కాదు. ఈ ఆర్డర్ ఆగితే షెడ్డుకు మళ్ళీ తాళమే.

అవ్వకు నీ మీద కోపంగా ఉంది. "వాడు ఫోన్ ఎత్తడు. ఎత్తినా ఆఁ ఆఁ అంటడు, జవాబు ఒకటుంటది, అడిగింది ఒకటుంటది. మల్ల ఆ ఫైజల్ పిలగానికి ఇస్తడు. నా కొడుకుతోని మాట్లాడెతందుకు నడుమ ఇంకొకడెందుకు?" అంటోంది. ఒక్కసారి మాట్లాడరాదూ? రూంలో లొల్లి ఉంటే బయటికి వచ్చి మాట్లాడు.

కల్పన.

*

జుబైల్,
సెప్టెంబర్.

అక్కా,

ట్యాంకు పాసైందంటె సంబురమైంది.

ఫోన్ సంగతి మల్ల మల్ల తియ్యకు. గీడ మాకు వేరే పనులు లేవా? ఎండ, డ్యూటీ, వంట, బట్టలు పిండుకునుడు. మాట్లాడకపోతె ప్రేమ లేనట్టేనా? అవ్వకు నువ్వన్నా నచ్చజెప్పు. నువ్వు సుత ఆమె తోనే కలిసి నా మీద పడితె ఎట్ల?

మంచిగనే ఉన్న. ఎన్నిసార్లు రాయాలె.

మధు.

*

సిరిసిల్ల,
అక్టోబర్.

మధూ,

పోయిన ఉత్తరంలో చిరచిరలాడావు. నాకూ కోపం వచ్చింది, జవాబు రాయలేదు. ఇప్పుడు అదంతా పక్కన పెట్టు. నాకు నీ మాట కావాలి, హాస్యం వద్దు.

నిన్న చాయ్ తాగుతున్నాం. ఎనిమిదో ట్యాంకు ఓవెన్‌లో ఉంది, అందరం ఖుషీగా ఉన్నాం. ముత్తమ్మ అని కొత్తగా చేరింది, ఆమె పోగు మాటిమాటికీ తెగుతోందని బిక్కమొహం వేసుకుంది. జలపతి ఆమెను ఓదార్చాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. మొన్న ఆరో ట్యాంకు కాడ నా కండె సుత గిట్లనే సతాయించింది. పోగు తెగుడే ఆలిశం, ముడేసుడే! మెషీన్ ఆగనే లేదు, ఎవ్వలకూ తెల్వనే లేదు" అన్నాడు. అందరూ భలే అన్నారు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

నీకు సాంచల పని తెలియదు కాబట్టి చెప్తున్నా. బట్ట నేసేటప్పుడు పోగు తెగితే ముడి వేసి నడిపించేస్తారు. సాంచా ఆగితే దాని యజమాని ఆసామి తిడతాడు. కాబట్టి ఆపకుండా కనురెప్పపాటులో ముడి వేయగలవాడే మొనగాడు. బట్టలో ముడి ఎవరికీ చేటు చేయదు. కార్బన్ పోగు అలా కాదు. నిలువునా లాగితే ఇనుము కన్నా గట్టిది, మెలిపెట్టి ముడి వేస్తే తనను తానే కోసుకుంటుంది. అందుకే తెగితే మెషీన్ ఆపాలి, రెండు కొసలనూ పక్కపక్కన పరిచి జిగురులో అద్దాలి, నాకు చెప్పాలి. మొదటి రోజే అందరికీ చెప్పాను. జలపతి తల ఊపాడు కూడా. తల విన్నది, చేతులు వినలేదు.

ఎన్ని ముడులు వేశావన్నా అని అడిగాను. "మూడో, నాలుగో. యాద్ లేదు. ఏమైంది బిడ్డా, తప్పయిందా?" అన్నాడు. నా మొహం చూసి ఆయన మొహం నల్లబడింది.

ఆ ట్యాంకు నీటి పరీక్ష పాసైంది. బస్సుకు పంపే ప్రతి ట్యాంకుకూ ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టి చూస్తాం, అది తట్టుకుంది. సతీశ్ అదే పట్టుకున్నాడు. "పాసైంది కదా మేడం. ఇది తీసేస్తే మళ్ళీ చుట్టడానికి మన దగ్గర పోగు లేదు. పోగు రావాలంటే నెల. దీపావళి దాటితే వాళ్ళు మనకోసం ఆగరు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు మధూ. ఈ షెడ్డు కోసం ఎంత తిరిగాడో నేను చూశాను.

ఆ ట్యాంకు పదేళ్ళు ఏమీ కాకుండా ఉండవచ్చు. రోజూ నింపడం, ఖాళీ చేయడం, నింపడం, ఆ ఊపుకు ముడి దగ్గర చిన్న పగులు పుట్టి ఒకరోజు పెద్దది కావచ్చు. నాకు తెలియదు. తెలియకపోవడమే నన్ను తినేస్తోంది. దాని కింద జగిత్యాల కాలేజీలకు పోయే పిల్లలు కూర్చుంటారు. పంపనంటే షెడ్డు పోతుంది, జలపతి మళ్ళీ భివండి రైలు ఎక్కుతాడు, సారయ్య ఇక రానే రాడు. పంపవచ్చు అని సంతకం పెట్టాల్సింది నేను.

నువ్వు రోజూ సిలిండర్ల మధ్య ఉండేవాడివి. ఏం చేయమంటావు?

అక్క.

*

జుబైల్,
అక్టోబర్.

అక్కా,

గా ట్యాంకు పంపకు.

ఎందుకో చెప్త. చెప్పొద్దనుకున్న, ఇంటికొచ్చినంక సుత చెప్పొద్దనుకున్న. ఇగ దాచుడు నాతోని కాదు.

మే నెలల మా యార్డుల ఒక సిలిండర్ పగిలింది. గ్యాస్ నింపుతుంటె పగిలింది. పైన పెయింట్ మంచిగున్నది, కాయిదం మీద పాస్ అని ఉన్నది. అంతకు ముందు లారీ మీదికెల్లి దించుతుంటె అది కింద పడ్డదట. దించినాయన నేపాల్ మనిషి. చెప్తె నౌకరి పోతదని నోరు మూసుకున్నడు. నేను గోడకు ఇవతల నిలబడ్డ. గోడ ఉన్నది గనుక బతికిన.

కుడి చెవు మొత్తానికి పోయిందక్కా. ఎడమ చెవుల రాత్రి పగలు ఒకటే మోత. మనిషి ఎదురుంగ ఉంటె పెదిమలు చూసి సగం తెలుసుకుంట. ఫోన్ల ఏం తెల్వది. అవ్వ మాట్లాడుతుంటె నాకు చప్పుడు సుత రాదు. ఊకె ఆఁ ఆఁ అంట, ఫైజల్ నా చేతులకెల్లి ఫోన్ గుంజుకొని ఏదో ఒకటి చెప్తడు. మొన్న నీ మీద చిరచిరలాడింది గందుకే. స్టోర్ల ఏసింది దొరబాబును చేసెతందుకు కాదు, ఎవలన్నా పిలిస్తె వినబడదని.

ఇంకొక మాట. నాకు గిదే పెద్ద మాట. జలపతన్నను తిట్టకు. ఆయన చెప్పిండు గనుక నీకు తెలిసింది. ఖుషీగనో, గొప్పకో, ఎందుకైనా గానీ చెప్పిండు. మా నేపాలాయన చెప్పలె. చెడ్డోడై కాదు, భయపడ్డోడై. దవాఖానల నా చేతులు పట్టుకొని ఏడ్చిండు. ఆయన మీద నాకు కోపం రాలె. ఆయన జాగల నేనుంటె చెప్పకపోదునేమో. రేపు నువ్వు జలపతన్నను వెళ్ళగొడితె మీ షెడ్డుల ఇంకెవ్వలూ నోరు తెరువరు. గప్పుడు నీ పరీక్షలు ఎన్నున్నా ఏం ఫాయిదా?

నాయిన దినాం తాటిచెట్టెక్కే ముందు నడుముకు కట్టుకునే మోకు మీద తన బరువంత ఏసి గుంజి చూసుకునేటోడు. నిన్న గట్టిగున్నది గదా అని ఊకునేటోడు కాదు. నీ సంతకం సుత గసోంటిదే.

అవ్వకు చెప్పకు. ఇప్పుడే వద్దు.

మధు.

*

సిరిసిల్ల,
నవంబర్.

మధుగా,

నీకు సిగ్గున్నదారా? మే నెల సంది! అక్కకు చెప్పెతందుకు నోరు రాలేదా నీకు? నేనేమో ఫోన్ ఎత్తవని ఎన్ని మాటలన్న! మీ బావ నవ్విండు, నేను నవ్విన. నీ ఉత్తరం షెడ్డు వెనుక నిలబడి చదివిన, ముత్తమ్మ వచ్చి పట్టుకునేదాంక ఏడ్చిన. ఇంటికి రా, నీ వీపు విమానం మోత మోగిస్త. దెబ్బ తాకిందని నాకు కాకుంటె ఎవలికి చెప్తవురా నువ్వు?

సరే. ముక్కు తుడుచుకొని రాస్తున్నాను.

సతీశ్‌తో నేను సంతకం పెట్టనని చెప్పాను. నీ సంగతి కూడా చెప్పాను. ఆయన లేచి ఆ ట్యాంకు దగ్గరికి పోయి దాని మీద చెయ్యి పెట్టాడు. తర్వాత, "అనుమానం పెట్టుకుని ఉంచడమెందుకు? పగలగొట్టి చూద్దాం" అన్నాడు. ఆ ట్యాంకును గుంతలో దించాం. అందరినీ పిలిచాను, జలపతిని కూడా. ఆయన అందరికన్నా ముందు వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

మొదటి ట్యాంకు ఎంత దూరం పోయిందో నీకు రాశాను కదా. ఇది రెండింతలు కూడా చేరలేదు. ముల్లు ఇంకా ఎక్కుతుండగానే పగిలింది. బయటికి తీసి చూస్తే పోగు సరిగ్గా ముడి పక్కనే తెగి ఉంది. ముడి మాత్రం విడిపోలేదు. అంత గట్టిగా వేశాడు మహానుభావుడు. జలపతి ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, మళ్ళీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. 

మర్నాడు పనికి రాలేదు. నేనే ఇంటికి పోయాను. చంద్రవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. "సంచి సదురుకున్నడు. భివండి పోతడట. గాడ ముడేస్తె ఎవ్వలు చావరట" అని కొంగు నోట్లో కుక్కుకుంది. లోపలికి పోయి ఆయన ఎదురుగా కూర్చుని, నువ్వు రాసిన మాటే చెప్పాను. "జలపతన్నా, నువ్వు చెప్పకుంటె గది బస్సు మీదికెక్కుతుండె. నువ్వు చెప్పినవ్. నాకు చెప్పేటోళ్ళే కావాలె" అన్నాను. "చేతులకు శరం లేదు బిడ్డా. మల్ల ముడేస్తయి" అన్నాడు. కాదని ఎలా అంటాను? అది నిజమే కదా.

రెండు రోజులకు తనే వచ్చాడు. కుడిచేతి బొటనవేలుకూ చూపుడువేలుకూ గుడ్డ పీలికలు మందంగా చుట్టుకుని వచ్చాడు. ఆ వేళ్ళతో ముడి పడదు. పోగు తెగిందంటే మెషీన్ ఆపాల్సిందే, నన్ను పిలవాల్సిందే. ముత్తమ్మ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. సాయంత్రానికి ఆమె కూడా గుడ్డ చుట్టుకుంది. ఇప్పుడు షెడ్డులో అందరి వేళ్ళకూ పీలికలే, చూసినవాళ్ళు ఇక్కడేదో రోగం వచ్చిందనుకుంటారు.

సతీశ్ పగిలిన ముక్కను సంచిలో పెట్టుకుని బస్సుల వాళ్ళ దగ్గరికి పోయాడు. అంతా చెప్పేశాడు. వాళ్ళు రెండో బస్సు ఆర్డర్ తీసేశారు. ఒక్క బస్సుకు తీసుకుంటామన్నారు, దానికీ ఒక షరతు పెట్టారు. ముడి వేసినాయనే రెండు ట్యాంకులు కొత్తగా చుట్టాలి. ఒకటి వాళ్ళ కళ్ళ ముందు పగలగొట్టి చూపాలి. అది లెక్క దాటితే రెండోది, జలపతి చెయ్యి పడని మూడు పాతవాటితో కలిసి బస్సు మీదికి ఎక్కుతుంది, లేకపోతే ఏదీ ఎక్కదు. సారయ్య వాళ్ళు ఇంకా భివండిలోనే ఉన్నారు.  అయినా నాకు భయం లేదు మధూ, ఆయన చుడతాడు.

నువ్వు చెవుల డాక్టర్‌కు చూపించుకున్నావా? ఏమన్నారు? ఈసారి నిజం రాయి.

అక్క.

*

జుబైల్,
డిసెంబర్.

అక్కా,

నిజమే రాస్తున్న. చూపిచ్చుకున్న. కుడిది రాదట. ఎడమదానికి మిషన్ పెడితె కొంచెం నయం కావచ్చట, ఇండియాల పెట్టిచ్చుకో అన్నడు. గీడ నా కాంట్రాక్టు ఈ నెలతోని అయిపోతది. మల్ల రాసుకుంట లేరు. జనవరిల వస్తున్న.

ట్యాంకు పగలగొట్టుడు అయిందా? పోగు వచ్చిందా? నాకు దినాం గదే ఆలోచన. ఫైజల్ సుత లేవంగనే "దీదీ కా ట్యాంక్ క్యా హువా, అక్క ట్యాంకు ఏమైంది" అని పెదిమలు పెద్దగ తిప్పి అడుగుతడు.

వచ్చి ఏం చెయ్యాలె నేను? పిలిస్తె పలకనోనికి ఎవలు పనిస్తరు?

అవ్వకు నువ్వే చెప్పు. విమానం దిగంగనే ఆమె నా మొహం పట్టుకొని ఏదో అడుగుతది, నేను తెల్లమొహం ఏస్త. గది నాతోని కాదు. ముందుగాల్నే చెప్పి ఉంచు. ఏమన్నదో రాయి. ఎంత తిట్టినా తిట్టినట్టే రాయి.

మధు.

*

కోరుట్ల,
జనవరి.

మధూ,

అవ్వ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. సిరిసిల్ల నుంచి ఇక్కడికి దేనిలో వచ్చానో చివర్లో రాస్తాను, ముందు నువ్వు అడిగినవి.

అవ్వకు చెప్పాను. పొయ్యి ముందు కూర్చుని ఉంది. కట్టెలు బయటికి లాగి మంట తగ్గించింది. కళ్ళు తుడుచుకుని, "వాడు చిన్నప్పటి సంది నా మాట ఎప్పుడు విన్నడు గనుక! ఇప్పుడు కొత్తగ ఏమైంది? బతికున్నడు గదా. దగ్గర కూసోబెట్టుకొని, మొహం ఎదురుంగ పెట్టి చెప్త. గప్పుడన్నా వింటడేమో" అంది. అని, లేచి, నీ మంచం ఎండలో వేసింది. తిట్టినది తిట్టినట్టే రాశాను.

పని సంగతి. మాకు పరీక్షల గుంత దగ్గర మనిషి కావాలి. అక్కడ చూడాల్సింది ముల్లును, దానికి కళ్ళు చాలు. నీళ్ళతో పరీక్ష చేయడం నీకన్నా ఎక్కువ చేసినవాడు మా షెడ్డులో లేడు. ఇది సతీశ్ మాట, నాది కాదు. జాలిపడి ఇస్తున్నదైతే నేనే ఒప్పుకోకపోదును.

ఇక ట్యాంకు. పోగు వచ్చింది. జలపతి గుడ్డ చుట్టిన వేళ్ళతో రెండూ చుట్టాడు. పోగు తెగినప్పుడల్లా మెషీన్ ఆపి, "బిడ్డా, రా!" అని షెడ్డు ఎగిరిపోయేలా కేక వేసేవాడు. బస్సుల వాళ్ళు వచ్చి గుంత చుట్టూ నిలబడ్డారు. ముల్లు రెండింతలు దాటింది, లెక్క దాటింది, ఇంకా పోయింది. చంద్రవ్వ మాత్రం అటు చూడలేదు, గేటు బయట వీపు తిప్పుకుని నిలబడింది. పగిలిన చప్పుడు విని, "గెలిచిందా?" అని అక్కడి నుంచే అరిచింది. గెలిచింది.

రెండోదాన్ని బస్సు మీద అన్నింటికన్నా వెనక బిగించారు. ఇవాళ పొద్దున మొదటిసారి జనాన్ని ఎక్కించుకుని బయలుదేరింది. సిరిసిల్ల, వేములవాడ, జగిత్యాల, కోరుట్ల. చప్పుడే లేదు మధూ, నీకు ఈ బస్సు సరిగ్గా సరిపోతుంది. (నవ్వు, నేను మాత్రం ఏడుస్తూనే రాశాను.)

జనం ముందు సీట్లన్నీ నింపేశారు. వెనక సీట్లు ఖాళీ. నెత్తి మీద గ్యాసు ఉందని అందరికీ తెలుసు. అప్పుడు జలపతి ఎక్కాడు, వెనకాలే చంద్రవ్వ. కొత్త ధోవతి, కొత్త చీర. ఎవరి వైపూ చూడకుండా నేరుగా పోయి, చివరి సీట్లో, సరిగ్గా ఆ ట్యాంకు కింద ఇద్దరూ కూర్చున్నారు.

వేములవాడలో పుస్తకాల సంచులతో కాలేజీ ఆడపిల్లలు ఎక్కారు. ముందు చోటు లేదు. ఒక పిల్ల వెనక్కి వచ్చి, కూర్చోకుండా పైకి చూసి, "తాతా, గీడ కూసుంటె భయం కాదా?" అని అడిగింది.

జలపతి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"పైనున్నది నేనే చుట్టిన బిడ్డా. కూసో" అన్నాడు.

ఆ పిల్ల కూర్చుంది.

నీ అక్క,
కల్పన.